కట్టలో మరియదాసు

మా ఊరి పెద్ద చెరువు కట్టలో ఒక మనిషిని పూడ్చారు. ఊరందరికీ తెలుసు. ఇరిగేషన్ ఆఫీసుకు మాత్రం తెలియదు. వాళ్ళకు తెలియకుండా ఉండటానికి ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. రోడ్డు వేయించుకోవడానికి కూడా మావాళ్ళు ఎన్నడూ అలా నిలబడలేదు.

కట్టలో ఉన్నది మరియదాసు. ఆ చెరువుకే లస్కరుగా, అంటే కట్ట కాచి తూము తలుపు ఎత్తి దించే మనిషిగా, పనిచేసి రిటైరైనవాడు. ఆయన భార్య అమలమ్మ, నాకు వరసకు పెద్దమ్మ. ఇది ఆమె సంగతి.

రేగులపాడు బెజవాడకు దూరమేమీ కాదు. మైలవరం బస్సెక్కి మధ్యలో దిగి, ఆటోలో లోపలికి రావాలి. ఆ ఆటో నాదే. కృష్ణ అనగానే నిండుగా పారే కాలవలూ పచ్చటి వరిచేలూ అనుకునేవాళ్ళకు మా ఊరు నచ్చదు. కాలవ నీళ్ళు మా దాకా ఎక్కవు. కొండల మీద పడ్డ వానే మాకు దిక్కు. ఆ వానను చెరువు ఆపుతుంది, చెరువును కట్ట ఆపుతుంది. జమీందార్ల కాలంలో తట్టలతో మోసి పోసిన మట్టి అది. లోపల రాయి లేదు, సిమెంటు లేదు. పొలాలకు నీళ్ళు వదలడానికి ఒక తూము, నిండితే ఎక్కువ నీళ్ళు పొర్లిపోవడానికి ఒక అలుగు. అంతే. కట్ట కిందే మా పేట. కట్ట తెగితే మొదట పోయేది మేమే. ఇది మాకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ కట్ట అక్కడే ఉంది కాబట్టి ఎప్పటికీ అక్కడే ఉంటుందనుకున్నాం.

మరియదాసు ఒక్కడే అలా అనుకోలేదు. ఆయన పట్టింపు ఒకటే. కట్టకు గునపం తగలకూడదు. గేదెను కట్టేయడానికి ఎవరైనా గూటం దిగగొడితే అంత దూరం నుంచీ కేకలేసుకుంటూ వచ్చేవాడు. "మీ ఇంటి గోడకు కొట్టుకో బొక్క! దీనికెందుకు కొడతావ్?" అని ఆడా మగా చూడకుండా తిట్టేవాడు. ఒకసారి కబడ్డీ పోటీలకని కుర్రాళ్ళు కట్ట మీద షామియానా రాటలు పాతారు. ఒక్కొక్కటే పీకి, అన్నింటినీ మోసుకెళ్ళి ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు గారి వాకిట్లో పడేశాడు. "రాటలు ఇక్కడ పాతించుకోండి. మీ వాకిలి కిందయితే ఊరు లేదుగా" అన్నాడట. ఆయన కంటే చెరువే మేలని పెద్దమ్మ అనేది, కనీసం అది ఎండాకాలం కాస్త తగ్గుతుందని.

బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన ఏడాది, ఆ వానల్లోనే, మరియదాసు పోయాడు. వానకేమీ కాదు, గుండె నొప్పికి. మైలవరం రోడ్డు మీద వాగు పారుతోంది. బెజవాడ వైపు దారే లేదు. మంచం మీదే ప్రాణం పోయింది. "తూము తలుపు ఎత్తారా?" అన్నది ఆయన ఆఖరి మాట అని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. అబద్ధం. మంచినీళ్ళు అడిగాడు. పెద్దమ్మే చెప్పింది.

మా సమాధుల తోట ఊరికి అవతల, వాగు పక్క పల్లంలో ఉంది. ఆ రోజు శిలువల తలలు మాత్రమే నీళ్ళ పైన కనబడుతున్నాయి. అక్కడ గొయ్యి తీసే మాటే లేదు. శవాన్ని ఎంతకాలం ఉంచుతారు? ఊళ్ళో నీళ్ళు నిలవని నేల ఎక్కడుందా అని వెతికితే ఒక్కటే దొరికింది.

"జీవితమంతా ఆ కట్ట మీదే తిరిగాడు. అక్కడే పడుకోనిద్దాం. ఇంతకంటే గౌరవం ఇంకేముంటది?" అన్నాడు వెంకటసుబ్బారావు గారు.

అందరికీ ఆ మాట బాగా నచ్చింది. కొందరు ఏడ్చారు కూడా. గునపాలు తెచ్చారు. ఊరివైపు వాలులో, పెద్దమ్మ ఇంటికి సరిగ్గా ఎదురుగా, గొయ్యి తీశారు. ఫాదర్ గారు రాలేకపోయారు, ఉపదేశి ప్రార్థన చదివాడు. చేతికందిన చెక్కలతో చేసిన పెట్టె. వానలో తీసిన మట్టిని వానలోనే పారలతో తోసేసి, గొడుగులు పట్టుకుని ఇళ్ళకు పోయారు.

కట్టలో గూటం దిగనివ్వని మనిషి కోసం కట్టనే తవ్వేశారు. ఇది ఆ రోజు తట్టింది ఒక్క పెద్దమ్మకే. నోరు మెదపలేదు. వద్దంటే ఎక్కడ పెడతారు? పైగా ఇక్కడైతే వంటింట్లోంచి కనిపిస్తాడు.

వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దమ్మ చాలాకాలం బడిలో వంట చేసింది. రోజూ పిల్లల గోలలో ఉండే మనిషి. "ఒరే, పప్పు వండింది నేను, గుడ్డు పెట్టింది కోడి, గుడ్డు నున్నగా లేదని నన్నంటావేంటి" అని పిల్లలతో వాదాలు పెట్టుకునేది. పిల్లలు తగ్గారని బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. ఆ తరవాత కొద్ది నెలలకే మొగుడు పోయాడు. ఇక ఇంట్లో మాట లేదు. మా పేటలో పగలు ఎవరూ ఉండరు. మామిడి తోటలకో బెజవాడ పనులకో పోతారు. సాయంత్రం వచ్చి ఫోన్లు చూసుకుంటారు. నేనూ అంతే. ఒంటరి మనిషిని చూసి జాలిపడటం సులువు. కూర్చుని మాట్లాడటమే ఎవరికీ కుదరదు.

అందుకని ఆమె కట్టతో మాట్లాడేది. పొద్దుగూకే ముందు సమాధి పక్కన గడ్డిలో కూర్చుని, ఆ రోజు సంగతులన్నీ అప్పజెప్పేది. దారిన పోతూ నేను విన్నాను.

"నీళ్ళు అలుగు దాకా వచ్చాయి. ఆ బంగార్రాజు మళ్ళీ బస్తాలేశాడు. నువ్వుంటే కాళ్ళిరగ్గొట్టేవాడివి. నేను చెబితే వింటాడా? పెద్దమ్మా పెద్దమ్మా అంటాడు, చేసేది చేస్తాడు. ఇదుగో, నీ పెన్షన్ నా పేరు మీదకి ఇంకా మార్లేదు. నువ్వు పోయావని నమ్మకం కుదర్లేదంట వాళ్ళకి."

బంగార్రాజు కొల్లేటి వైపు నుంచి వచ్చి చెరువును చేపలకు వేలంలో పాడుకున్నవాడు. చెరువు నిండితే అలుగు మీంచి నీళ్ళు పోతాయి, నీళ్ళతో పాటు చేపలూ పోతాయి. అందుకని అలుగుకు వల కట్టి, దాని మీద ఇసక బస్తాలు పేర్చాడు. నీళ్ళు ఉండాల్సిన దానికంటే పైకి లేచాయి. పెద్దమ్మ అడిగితే, "నీళ్ళదేముంది పెద్దమ్మా, రేపు మళ్ళీ వానొస్తది. పోయిన బొచ్చె చేప తిరిగొస్తదా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. చేప ఇచ్చి పంపేవాడు. ఊళ్ళో ఎవరికీ చెరువు మీద ప్రేమ లేదు. ఉన్నదంతా చెరువులో దొరికేదాని మీదే.

సమాధి చుట్టూ పెద్దమ్మ బంతి నారు పెట్టింది. మరుసటి ఏడు, అంటే ఈ ఆగస్టులో, వానలు కొన్నాళ్ళు మొహం చాటేశాయి. ఊళ్ళో దొడ్లన్నీ వాడిపోయాయి. సమాధి మీద బంతి మాత్రం విరగబూసింది. నీళ్ళు పోయకుండానే. పేటలో ఆడవాళ్ళు వచ్చి చూశారు. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టుకుంది. పెద్దమ్మకు చాలా సంతోషంగా ఉండేది. వచ్చినవాళ్ళందరికీ పూలు కోసిచ్చేది.

"ఆయన చెయ్యి అలాంటిదిరా బాబీ. బతికున్నప్పుడు ఒక్క మొక్కా నాటలేదు. ఇప్పుడు చూడు!"

ఒకరోజు నేనూ చూద్దామని వెళ్ళాను. సమాధి కింది వైపు కాలు పెడితే చెప్పు దిగబడింది. గడ్డి మధ్యలోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. తేటగా, చల్లగా.

"పెద్దమ్మా, ఇది చెరువు నీళ్ళు" అన్నాను.

ఆమె పూలు కోయడం ఆపలేదు. "చెరువు పక్కన చెరువు నీళ్ళు కాక సముద్రం నీళ్ళొస్తాయా?" అంది. కానీ మర్నాడు ఆ చెమ్మ మీద బంకమట్టి ముద్దలు మెత్తింది. నీళ్ళు పక్కనుంచి కారాయి. అక్కడా మెత్తింది. ఇంకాస్త పక్కకు జరిగాయి. ఆ తరవాత ఆడవాళ్ళు పూల కోసం వస్తే, గేటు దగ్గరే ఇచ్చి పంపేసేది.

బుడమేరు తరవాత పైవాళ్ళకు చెరువులన్నీ గుర్తొచ్చాయి. కట్టలన్నీ తనిఖీ చేయమని ఆర్డరు వచ్చింది. సెప్టెంబరులో మా చెరువుకు ఇరిగేషన్ ఇంజనీరు, ఏఈ మేడం వస్తోందని తెలిసింది. ఆ ముందురోజు నలుగురు మగవాళ్ళు వెళ్ళి సమాధి మీది చెక్క శిలువ పీకేశారు. దిబ్బను చదును చేసి, మీద ఎండుగడ్డి మోపులు పేర్చారు. ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ మీద అభిమానంతోనే చేశారు. కట్టలో శవం ఉందంటే తవ్వి తీసేస్తారు, ముసల్ది ఏమైపోతుందని. శిలువను కడిగి, తుడిచి, ఆమె చేతికిచ్చారు. "మేడం ఇటు వెళ్ళగానే అటు పాతేద్దాం" అన్నారు. పెద్దమ్మ దాన్ని మంచం కింద పెట్టుకుంది.

ఏఈ పేరు సాయిశ్రీ. పటమటలో ఇల్లు. చిన్న పిల్ల, కానీ పని తెలిసిన పిల్ల. కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. అలుగు దగ్గర బస్తాలు చూసి బంగార్రాజును నిలదీసింది. "ఇవి తీయించండి. నీళ్ళు పోయే దారి మూస్తే అవి కొత్త దారి వెతుక్కుంటాయి. ఆ దారి కట్ట మీదుగా పోతే మీ చేపలూ ఉండవు, ఈ పేటా ఉండదు." బంగార్రాజు చేతులు కట్టుకుని "అలాగేనండీ" అన్నాడు. ఆమె ఎదురుగానే తీయించాడు. వెళ్ళాక మళ్ళీ వేయించాడు.

గడ్డిమోపుల దగ్గర ఆగింది. కింద చెమ్మ చూసింది.

"ఇక్కడ ఎప్పుడైనా తవ్వారా?"

"లేదండీ" అన్నాడు వెంకటసుబ్బారావు గారు.

"పాత చెట్టేదైనా కొట్టేశారా? మొద్దు కుళ్ళినా ఇలాగే వస్తుంది."

"అబ్బే, చెట్లే లేవండీ. మా లస్కరు మొలవనిచ్చేవాడు కాదు" అన్నారెవరో. అన్నాక నాలిక కరుచుకున్నారు.

సాయిశ్రీ పెద్దమ్మ వైపు తిరిగింది. "మీ ఇల్లు ఎదురుగానే ఉందిగా. మీరు చూసి ఉంటారు. ఎవరైనా తవ్వారామ్మా?"

అందరూ పెద్దమ్మను చూశారు. ఆమె గడ్డిమోపులను చూసింది.

"లేదమ్మా" అంది.

సాయిశ్రీ నమ్మినట్టు లేదు. అయినా అంతమంది ఒకే మాట మీద ఉంటే ఏం చేస్తుంది? పెద్దమ్మకే ఒక పని అప్పజెప్పింది. "మట్టి కట్ట అన్నాక కాస్త చెమ్మ ఉంటుంది. నీళ్ళు తేటగా ఉంటే కంగారు లేదు. మట్టిని మోసుకొస్తేనే ప్రమాదం. లోపల కట్టను తినేస్తున్నట్టు. రోజూ పొద్దున్నే ఒక గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా పెట్టండి. అడుగున మట్టి దిగితే వెంటనే నాకు ఫోన్ చేయండి. ఇక్కడ మెత్తిన మట్టి తీసేయండి. నీళ్ళను ఆపకూడదు. మట్టిని పోనివ్వకూడదు." పెద్దమ్మ ఇంటి గోడ మీద బొగ్గుతో ఫోన్ నంబరు రాసింది.

జీపు మలుపు తిరగకముందే మావాళ్ళు చప్పట్లు కొట్టినంత పనిచేశారు. పెద్దమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. శిలువ తిరిగి పాతుదామని వచ్చినవాళ్ళతో, "తరవాత పాతుదురుగాన్లే" అంది.

అప్పటి నుంచి ఆమె సాయంత్రాలు కట్ట దగ్గరికి పోవడం తగ్గించింది. పోయినా మాట్లాడేది కాదు. ఎందుకు మానేశావని ఒకసారి అడిగాను. "ఏం చెప్పమంటావురా? నీ కోసం అబద్ధం ఆడానని చెబితే ఊరుకునే మనిషా?" అంది.

పొద్దున్నే గ్లాసు మాత్రం మానలేదు. అరుగు మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, టీ తాగుతూ చూసేది. నీళ్ళు తేటగా ఉంటే మొక్కలకు పోసేసేది.

నెలాఖరులో ఒక ముసురు పట్టింది. చెరువు బస్తాల పై అంచుదాకా వచ్చింది. ఆ మర్నాడు నేను ఆటో తుడుచుకుంటుంటే పెద్దమ్మ అరుగు మీద కదలకుండా కూర్చుని ఉంది. టీ చల్లారిపోయి తొరక కట్టింది. నేను మైలవరం ట్రిప్పు వేసుకుని వచ్చేసరికి కూడా అలాగే ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. గ్లాసు అడుగున ఎర్రగా, వేలు మందాన, మట్టి పేరుకుంది. పైన నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఎప్పుడు పట్టావు?"

"పొద్దున."

"మరి ఫోన్ చెయ్యలేదే?"

"ఒక్కసారి కదిపితే మళ్ళీ కలిసిపోతదేమోనని చూస్తున్నా" అంది. తరవాత నా మొహం చూడకుండా, "ఫోన్ కలుపు" అంది.

స్పీకర్లో పెట్టి ఇచ్చాను. ఆమె ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మా, నేను రేగులపాడు అమలమ్మని. గ్లాసులో మట్టి దిగింది."

"ఎంత దిగింది? నీళ్ళు ఎక్కువయ్యాయా?"

"అయ్యాయి. ఇంకో సంగతమ్మా. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. అక్కడ తవ్వారు. గడ్డిమోపుల కింద మా ఆయన ఉన్నాడు."



"ఎంత లోతులో?" అంది సాయిశ్రీ.

"మనిషి లోతు."

"పెట్టెలోనా?"

"అవునమ్మా. చెక్క పెట్టె."

"సరే. ముందు మీ పేటలో అందరినీ కట్ట కింద నుంచి లేపండి. బడి దగ్గరికి వెళ్ళిపోండి. నేను బయలుదేరుతున్నాను. అమలమ్మ గారూ, మీరూ వెళ్ళాలి. అక్కడ కూర్చోకండి."

ఆమెకెలా తెలిసిందో. ఎవరూ అనకపోతే పెద్దమ్మ అక్కడే కూర్చునేది. నేను చెయ్యి పట్టి లేపాను.

మధ్యాహ్నానికి ట్రాక్టర్లతో ఇసకా కంకరా వచ్చాయి. కారే చోట మీద ముందు ఇసక, ఆ పైన చిన్న కంకర, ఆ పైన రాళ్ళు పరిచారు. నీళ్ళు వస్తూనే ఉన్నాయి కానీ ఎరుపు తగ్గింది. అలుగు మీద బస్తాలు లాగేశారు. బంగార్రాజు గట్టు మీద కూర్చుని వల తెంపుకుపోయిన చేపలను లెక్కపెట్టడం మానేసి తనూ బస్తాలు లాగాడు. తూము తలుపు పూర్తిగా ఎత్తారు. చెరువు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

బడి వసారాలో పేటంతా సర్దుకుంది. వెంకటసుబ్బారావు గారు పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నీ కోసమేగదమ్మా ఇంతమందిమీ నోరు కట్టుకున్నది! కారుతోందని చెబితే చాలదా? మనిషున్నాడని కూడా చెప్పాలా? ఇప్పుడు కేసు ఎవరి మీద పెడతారు?"

"నా మీదే పెట్టమనండి అయ్యగారూ" అంది పెద్దమ్మ. "జైల్లో అయినా మాట్లాడేవాళ్ళుంటారు."

 కేసు ఎవరి మీదా పెట్టలేదు. కానీ ఆ రోజు నుంచి పేటలో చాలామంది ఆమెతో మాటలు తగ్గించారు. ఆమె చెప్పినందుకే తాము బతికి ఉన్నామేమో అన్న ఆలోచన కంటే, తాము కష్టపడి దాచిందాన్ని ఆమే బయటపెట్టిందన్న కోపమే వాళ్ళకు సులువుగా ఉంది.

నీళ్ళు బాగా దిగాక సాయిశ్రీ మళ్ళీ వచ్చింది. ఈసారి జీపులోంచి దిగి సరాసరి పెద్దమ్మ ఇంటికే వెళ్ళింది. అరుగు మీద ఆమె పక్కనే కూర్చుంది.

"ఆయన్ని అక్కణ్ణించి తీయాలండీ. తాసీల్దారు గారి పర్మిషన్, ఫాదర్ గారు రావడం, అన్నీ నేను చూస్తాను. కానీ మీరు సరే అనాలి."

"ఆ ఇసక పోశారుగా. తగ్గిందిగా."

"తగ్గింది. ఆగలేదు. ఆ గొయ్యిలో పోసిన మట్టి గట్టిపడలేదు. పెట్టె కుళ్ళేకొద్దీ లోపల ఖాళీ పెరుగుతుంది. చెరువు మళ్ళీ నిండితే ఇసక కూడా ఆపలేదు."

"వేరే దారి లేదా అమ్మా?"

"ఉంటే మిమ్మల్ని అడిగేదాన్ని కాదండీ."

పెద్దమ్మ కట్ట వైపు చూసింది. "ఆయన్ని అడిగితే మొదటి రోజే తీసెయ్యమనేవాడు. అందుకే ఇన్నాళ్ళూ ఆయన్ని అడగలేదు" అంది. లేచి లోపలికి వెళ్ళి, మంచం కింది శిలువ తెచ్చి సాయిశ్రీకి ఇచ్చింది. "ఇది కొత్త చోట పెట్టించు."

తవ్విన రోజు ఊళ్ళోవాళ్ళు ఎక్కువమంది రాలేదు. ఫాదర్ గారు, ఉపదేశి, పనివాళ్ళు, ఏఈ, నేను. వెంకటసుబ్బారావు గారు దూరంగా, తన బండి మీద కూర్చుని, దిగకుండా చూశాడు. పెద్దమ్మ కొత్త తెల్లగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని కట్ట కింద కూర్చుంది. పనివాళ్ళు అన్నీ ఏరి ఆ గుడ్డలోకి చేర్చారు. ఆమె చూడలేదు. అంతా అయ్యాక, "ఇంతేనా?" అని మాత్రం అడిగింది. గుడ్డ ముడి తనే వేసింది. బడిపిల్లలకు అన్నం డబ్బాలు మూట కట్టినంత నేర్పుగా వేసింది.

గొయ్యి అడుగున, చెరువు వైపు గోడలో, చెయ్యి దూరేంత బొక్క కనిపించింది. లోపలంతా నున్నగా ఉంది, ఎలకబొరియలా. సాయిశ్రీ కిందికి దిగి టార్చి వేసి చూసింది. పైకి వచ్చి, "ఇంకో పెద్ద వాన పడి ఉంటే" అని మొదలుపెట్టి, పెద్దమ్మను చూసి, ఆపేసింది.

కట్టను అక్కడ వెడల్పుగా కోసి, కొత్త బంకమట్టి పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టారు. ఆ దబదబలు పేట అంతా వినబడేవి. మరియదాసును అవతల సమాధుల తోటలో, ఉన్నంతలో కాస్త మెరకగా ఉన్న మూల పెట్టారు. పెద్దమ్మ ఇంటి నుంచి ఆ తోట కనిపించదు. మధ్యలో ఊరంతా అడ్డం.

అక్టోబరు ఆఖర్న తుపాను వచ్చింది. ఒక పగలూ రాత్రీ తెరిపి లేకుండా కురిసింది. చెరువు నిండింది. అలుగు దర్జాగా పొర్లింది. కట్ట నిలబడింది. తెగితే పేపర్లో పడేది, బెజవాడ నుంచి కెమెరాలు వచ్చేవి. నిలబడితే ఏముంది? తెల్లారి మావాళ్ళు కొట్టుకొచ్చిన కొమ్మలు ఏరుకుని, పనులకు పోయారు. పెద్దమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ రెండు మూడు రోజులకే సమాధుల పండగ. ఆ రోజు కొత్త సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. పెద్దమ్మ సాయంత్రం చీర మార్చుకుని, బంతిపూల సంచీ పట్టుకుని నా ఆటో దగ్గరికి వచ్చింది.

"వాగు ఇంకా తియ్యలేదంట పెద్దమ్మా. తోటలో నీళ్ళున్నాయంటున్నారు."

"ఉండనీ. చూసొద్దాం పద."

రోడ్డు పల్లంలోకి దిగే చోట ఆటో ఆపాను. అక్కడి నుంచి ముందుకు అంతా నీళ్ళే. శిలువలు వరసగా మెడ లోతున నిలబడి ఉన్నాయి. మెరక మూల కూడా మునిగింది. ఆయన శిలువ చిన్నది, అసలు కనబడలేదు. ఇంకెవరూ రాలేదు. పండగ వచ్చే ఆదివారానికి మార్చారని చర్చిలో చెప్పారట. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెద్దమ్మ దిగి నీళ్ళ అంచున నిలబడింది. పూలు వేయలేదు. ఉన్నట్టుండి నవ్వింది.

"ఆయనకి ఈత రాదురా."

"ఎవరికి, పెదనాన్నకా? చెరువు లస్కరుకా?"

"రాదు. పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పాడు. ఎవరితోనూ అననని ఒట్టేయించుకున్నాడు." నవ్వు ఆగింది. "పొడినేల మీద ఉన్నోణ్ణి తీసుకొచ్చి ఇందులో పెట్టాను."

 రెండ్రోజుల్లో నీళ్ళు తీసేస్తాయని అన్నాను. తీస్తాయి, మళ్ళీ వచ్చే ఏడు వస్తాయి అంది. పొద్దు వాలుతోంది. సంచీ పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. నేను ఆటో తిప్పి, దగ్గరి దారని, చెరువు కట్ట మీదికి పోనిచ్చే బాటలోకి మళ్ళించాను.

వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది.

"కట్ట మీంచి వద్దురా. మట్టి ఇంకా పచ్చిగా ఉంది, చక్రాలు దిగిపోతాయి. ఊరు చుట్టూ తిరిగి పో."

చుట్టూ తిరిగే వెళ్ళాం.